ఈపీబీ (ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్) కాలిపర్: స్కానర్‌లో మోడ్ పెట్టినా వెనక పిస్టన్ కదలట్లేదు, నొక్కాలా తిప్పాలా?

సండే స్పానర్ · ఉప్పల్

బండి 2018 టిగువాన్ డీజిల్. వెనక ప్యాడ్లు మార్చాలి. స్కానర్‌లో ప్యాడ్ మార్పు మోడ్ పెడితే రెండు వైపులా మోటార్లు గుర్రుమని తిరిగి ఆగిపోయాయి. మీటర్లో పార్కింగ్ బ్రేక్ లైటు మిణుకుతోంది. పిస్టన్ మాత్రం ఉన్నచోటే ఉంది. ఇది మామూలేనా? పిస్టన్‌ని తిప్పుతూ నొక్కే టూల్ కొనాలా, నా దగ్గరున్న సీ క్లాంప్ సరిపోతుందా? బలం పెట్టాలంటే భయంగా ఉంది.

బ్రేక్ బెంచ్ · విజయవాడ ఆటోనగర్

మామూలే. స్కానర్ వెనక్కి లాగేది పిస్టన్ లోపలున్న నట్టుని. పిస్టన్‌ని ఆ తర్వాత మనమే నెట్టుకోవాలి. ఈ ఒక్క ముక్క తెలియకే చాలామంది మోడ్ పనిచేయలేదనుకుని మళ్లీ మళ్లీ ఓపెన్ కొడుతుంటారు.

లోపలి అమరిక చెప్తాను, మిగతాదంతా దాన్నుంచే అర్థమవుతుంది. పిస్టన్ లోపల బోలుగా ఉంటుంది. కాలిపర్ (ప్యాడ్లని డిస్క్‌కి అదిమే భాగం) వెనక మోటారు, దానికి గేర్లు, గేర్ల చివర మరలున్న కడ్డీ, ఆ కడ్డీ మీద నట్టు. నట్టు కడ్డీతో పాటు తిరగకుండా పిస్టన్ లోపలి ఆకారమే దాన్ని పట్టి ఉంచుతుంది. అందుకని కడ్డీ తిరిగితే నట్టు ముందుకో వెనక్కో జరుగుతుంది. హ్యాండ్‌బ్రేక్ వేస్తే నట్టు ముందుకొచ్చి పిస్టన్‌కి లోపలివైపు నుంచి ఆని, ప్యాడ్‌ని డిస్క్‌కి అదుముతుంది. తీస్తే వెనక్కి పోతుంది. పిస్టన్‌కీ నట్టుకీ అతుకు ఏమీ లేదు, కాబట్టి నట్టు వెళ్లిందని పిస్టన్ వెంట వెళ్లదు. సీలు రబ్బరు సాగి ముడుచుకున్నంత, అంటే కంటికి ఆననంత మాత్రమే వెనక్కి వస్తుంది.

2005లో వచ్చిన వోక్స్‌వ్యాగన్ పసాట్ ఆరో తరం (బీ6)లో మోటారుకీ కడ్డీకీ మధ్య మొత్తం తగ్గింపు 1:150. అందులో పళ్ల బెల్టు వాటా 1:3, స్వాష్ ప్లేట్ గేరు వాటా 1:50. కడ్డీ ఒక చుట్టు తిరగాలంటే మోటారు 150 చుట్లు తిరగాలి. పైగా ఆ మరలు సెల్ఫ్ లాకింగ్ రకం. కడ్డీ తిప్పితే నట్టు కదులుతుంది, నట్టుని నెడితే కడ్డీ తిరగదు. బ్యాటరీ పూర్తిగా చచ్చినా హ్యాండ్‌బ్రేక్ పట్టు వదలకపోవడానికి కారణం ఇదే. నట్టు ముందుండగా క్లాంప్ బిగిస్తే పిస్టన్ పోకపోవడానికీ ఇదే కారణం. అప్పుడు ఇంకా బిగిస్తే ఆ బలమంతా నట్టు మరల మీద, కడ్డీ వెనకున్న బేరింగ్ మీద పడుతుంది. అక్కడ దెబ్బతింటే కాలిపర్ మార్చుకోవడమే, విడిగా ఆ ముక్కలు దొరకవు.

మీ బండికి సీ క్లాంప్ చాలు. తిన్నగా, నెమ్మదిగా నొక్కండి. తిప్పొద్దు.

కాలిపర్ కాకా · వరంగల్

తిప్పే టూల్ గురించి కొంచెం చెప్త. లివరు, కేబుల్ ఉన్న పాత హ్యాండ్‌బ్రేక్ కాలిపర్లల్ల పిస్టన్ లోపలనే అడ్జస్టర్ మరలు ఉంటయి. గవి తిప్పుకుంట నొక్కితేనే లోపలికి పోతయి. పిస్టన్ ముఖం మీద రెండో నాలుగో గాట్లు కనిపిస్తయి, టూల్ పిన్నులు గండ్లనే కూసుంటయి. మోటారు ఉన్న కాలిపర్లల్ల ఎక్కువ శాతం పిస్టన్ ముఖం నున్నగనే ఉంటది. దాన్ని పట్టుకుని తిప్పితే లాభం లేదు, పైగా డస్ట్ బూటు (పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు తొడుగు) మెలిపడి చిరుగుతది. చిరిగిన బూటులకెల్లి నీళ్లు పోయి ఒక వానాకాలంల పిస్టన్ తుప్పు పడతది.

ఒక మాట. మోటారు కాలిపర్‌లో కూడా గాట్లు కనిపిస్తే ప్యాడ్ వెనక పిన్ను ఉందా చూడున్రి. కొన్ని ప్యాడ్లకు వెనక చిన్న పిన్ను ఉంటది, అది గాటులో కూసోవాలె. అట్లాంటప్పుడు పిస్టన్‌ని గాటు వరసకొచ్చేదాక కొంచెం తిప్పుడు తప్పదు. బూటు అంచు తడిపి తిప్పితే మెలిపడదు.

సండే స్పానర్ · ఉప్పల్

అర్థమైంది. కానీ నట్టు పూర్తిగా వెనక్కి వెళ్లిందో లేదో బయటినుంచి ఎలా తెలుస్తుంది? సగంలో ఆగి ఉంటే?

బ్రేక్ బెంచ్ · విజయవాడ ఆటోనగర్

మూడు గుర్తులు. మొదటిది చప్పుడు: మామూలుగా హ్యాండ్‌బ్రేక్ తీసినప్పుడు మోటారు కొద్దిసేపే తిరుగుతుంది, ప్యాడ్ మార్పు మోడ్‌లో అంతకన్నా చాలాసేపు. రెండు చక్రాల దగ్గరా దాదాపు ఒకేసేపు రావాలి. ఒకవైపు చటుక్కున ఆగితే అనుమానించాలి. రెండోది స్కానర్ జవాబు. మోడ్ తెరుచుకున్నట్టు రాయాలి, ఊరికే ఆదేశం పంపినట్టు కాదు. చవక స్కానర్లు కొన్ని బండి నుంచి జవాబు రాకపోయినా పని అయిపోయిందని చూపిస్తాయి.

మూడోదే అసలైనది: క్లాంప్ పిడి. నట్టు వెనక్కి ఉంటే పిస్టన్ మొదటి నుంచి చివరిదాకా ఒకే నెమ్మది బరువుతో పోతుంది, చేత్తో తిప్పినా క్లాంప్ తిరుగుతుంది. రెండు మూడు మిల్లీమీటర్లు సులువుగా పోయి ఉన్నట్టుండి రాయిలా ఆగిందంటే నట్టుకి తగిలింది. అక్కడ ఆపేయాలి. పిడికి పైపు తగిలించి బిగించే అవసరం ఈ పనిలో ఎక్కడా లేదు.

వైజాగ్ ఈవీ · గాజువాక

అసలు మోటారు కాలిపర్ మీద ఉందా లేదా అన్నది ముందు చూసుకోవాలండి. స్విచ్ ఉన్న ప్రతి బండీ ఒకే రకం కాదు. ల్యాండ్ రోవర్ డిస్కవరీ 3, 4ల్లో స్విచ్ నొక్కితే బండి కింద ఉన్న యూనిట్ కేబుళ్లు లాగుతుంది, ఆ కేబుళ్లు డిస్క్ మధ్య గిన్నెలో ఉన్న చిన్న బ్రేక్ షూలని తెరుస్తాయి. వాటిలో వెనక కాలిపర్ పిస్టన్‌కి పార్కింగ్ బ్రేక్‌తో సంబంధమే లేదు, ముందు కాలిపర్‌లాగే నొక్కేయొచ్చు. టెస్లా మోడల్ ఎస్‌లో వెనక చక్రానికి రెండు కాలిపర్లుంటాయి, చిన్నది పార్కింగ్‌కే. చక్రం తీశాక కాలిపర్ వెనక వేలెడంత ప్లాస్టిక్ మోటారు డబ్బా, దానికి రెండు వైర్ల సాకెట్ కనిపిస్తే అప్పుడే ఈ చర్చంతా వర్తిస్తుంది.

బ్రేక్ బెంచ్ · విజయవాడ ఆటోనగర్

వైజాగ్ ఈవీ గారు చెప్పింది నిజం. ఇప్పుడు వరస చెప్తాను. వోక్స్‌వ్యాగన్ కుటుంబం బండ్లు మనసులో పెట్టుకుని రాస్తున్నాను, మిగతావాటికి బోల్టులు, టార్క్ మారుతాయి గానీ క్రమం అదే.

బండి చల్లారాక మొదలుపెట్టండి. ఇది వేళ్లు కాలకుండా ఉండటానికి మాత్రమే కాదు. వేడి డిస్క్ చల్లారితే సన్నబడుతుంది, పట్టు వదులవుతుంది. అందుకని చాలా ఈపీబీలు బండి ఆపి వెళ్లిపోయాక కూడా తమంతట తామే మరోసారి బిగించుకుంటాయి. ఆ సమయానికి మీ వేళ్లు ప్యాడ్ల మధ్య ఉండకూడదు. ఈ మోటారు అదిమే బలం టన్నున్నర బరువుకి తక్కువేమీ ఉండదు.

సమమైన నేల. ముందు చక్రాలకి రెండువైపులా చెక్కలు లేదా రాళ్లు. ఆటోమేటిక్ అయితే పీలో, మాన్యువల్ అయితే మొదటి గేర్లో. మోడ్ పెట్టిన క్షణం నుంచి హ్యాండ్‌బ్రేక్ లేనట్టే, ఇది గుర్తుంచుకోవాలి. ఆటోహోల్డ్ (బండి ఆగగానే బ్రేక్ తనే పట్టి ఉంచే సదుపాయం) ఆపేయండి. వెనక చక్రాల బోల్టులు బండి నేల మీదుండగానే కాస్త వదులు చేసి, జాకీ ఎక్కించి, స్టాండ్ల మీద కూర్చోబెట్టండి. జాకీ మీద నమ్మకంతో కిందకి దూరొద్దు.

బ్యాటరీకి చార్జర్ తగిలించండి. ఇగ్నిషన్ ఆన్‌లో స్కానర్‌తో కూర్చుంటే వోల్టేజీ జారిపోతుంది, సగంలో మోటారు ఆగిపోయే కేసుల్లో ఎక్కువ శాతం ఇదే కారణం.

బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా మూత వదులు చేసి మట్టం చూడండి. 38 మిల్లీమీటర్ల పిస్టన్ 10 మిల్లీమీటర్లు లోపలికి పోతే 11 మిల్లీలీటర్ల చిల్లర ఆయిల్ పైకి వస్తుంది, రెండు వైపులా కలిపి 23 దాకా. ప్యాడ్లు అరిగిన కొద్దీ ఎవరో ఒకరు ఆయిల్ టాప్ అప్ చేసి ఉంటే డబ్బా పొంగుతుంది. సిరంజితో కొంచెం తీసేయండి. పొంగి పెయింటు మీద పడితే వెంటనే నీళ్లు గుమ్మరించండి, గుడ్డతో తుడిస్తే పెయింటు గుడ్డకే వస్తుంది.

ఇప్పుడు స్కానర్‌లో మోడ్. ఆ తర్వాత కాలిపర్. పసాట్ బీ6 వెనక కాలిపర్ గైడ్ బోల్టులు (కాలిపర్ జారే పిన్నులకి బిగించేవి) 13 సైజు, పిన్ను తిరగకుండా 15 సైజు పల్చటి స్పానర్‌తో పట్టుకోవాలి. మామూలు మందం స్పానర్ అక్కడ దూరదు. డిస్క్ కూడా మార్చేట్టయితే క్యారియర్ (ప్యాడ్లు కూర్చునే ఫ్రేము) విప్పాలి, దానికి ఎమ్14 పన్నెండు పళ్ల బిట్ కావాలి. టార్క్స్ బిట్ దూర్చి తిప్పితే బోల్టు తల పాడవుతుంది. కాలిపర్‌ని హోస్ (బ్రేక్ ఆయిల్ రబ్బరు పైపు) మీద వేలాడదీయొద్దు. స్ప్రింగుకి వైరుతో కట్టండి, మోటారు వైరు కూడా లాగినట్టు ఉండకూడదు.

పాత ప్యాడ్ ఒకటి పిస్టన్ ముఖానికి అడ్డుపెట్టి దాని మీద సీ క్లాంప్ ఆనించి నొక్కండి. ప్యాడ్ లేకుండా క్లాంప్ ఒక అంచున ఆనితే పిస్టన్ ఏటవాలుగా దిగి బిగుసుకుంటుంది. బూటు ఉబ్బి బయటకొచ్చిందా, మడత పడిందా చూసుకుంటూ నొక్కండి. పూర్తిగా దిగాక కూడా బూటు అంచు తన గాడిలో కూర్చున్నట్టు కనబడాలి.

బిగింపు: గైడ్ బోల్టులు 35 న్యూటన్ మీటర్లు, ప్రతిసారీ కొత్తవే. ప్యాడ్ సెట్టుతో పాటు వస్తాయి, రాకపోతే విడిగా కొనండి. క్యారియర్ బోల్టులు 90 న్యూటన్ మీటర్లు, పైన ఇంకో 90 డిగ్రీలు. చక్రం బోల్టులు పసాట్ బీ6లో 120, మీ టిగువాన్‌లో 140. హ్యుందాయ్, కియాల్లో గైడ్ బోల్టుకి 22 నుంచి 31 మధ్య చెప్తారు, అక్కడ 35 పెట్టొద్దు.

ఇక అందరూ తడబడేది ఇక్కడ. కాలిపర్ బిగించగానే మోడ్ మూయడానికి పరిగెత్తకండి. ముందు బ్రేక్ పెడల్‌ని నెమ్మదిగా, సగం దూరమే నొక్కుతూ, గట్టిపడేదాకా తొక్కండి. పిస్టన్లు ప్యాడ్లకి, ప్యాడ్లు డిస్క్‌కి ఆనాలి. ఆ తర్వాతే స్కానర్‌లో మోడ్ మూయండి. పెడల్ తొక్కకుండా మూస్తే నట్టు ఖాళీలో చాలాదూరం వెతుక్కుంటూ వస్తుంది, ఈపీబీ కంట్రోల్ యూనిట్ అనుకున్న వ్యవధిలో బిగువు తగలక ఫాల్ట్ రాసి లైటు వెలిగిస్తుంది. మూశాక స్విచ్‌తో నాలుగైదుసార్లు వేసి తీయండి. చక్రాలు గాల్లో ఉండగానే చేత్తో తిప్పి చూడండి, వేస్తే రెండూ ఆగాలి, తీస్తే రెండూ తిరగాలి.

సండే స్పానర్ · ఉప్పల్

పెడల్ సగమే ఎందుకు? పూర్తిగా తొక్కితే త్వరగా అవుతుంది కదా.

బ్రేక్ బెంచ్ · విజయవాడ ఆటోనగర్

పాత మాస్టర్ సిలిండర్లో పిస్టన్ రోజూ నడిచే భాగం నున్నగా ఉంటుంది, ఆఖరి భాగంలో మడ్డి, తుప్పు పేరుకుని ఉండొచ్చు. నేలదాకా తొక్కితే సీళ్లు ఆ గరుకు మీదకి వెళ్లి కోసుకుంటాయి.

డాట్ ఫోర్ · కరీంనగర్

బ్లీడర్ (కాలిపర్ నుంచి ఆయిల్, గాలి వదిలే చిన్న స్క్రూ) వదులు చేసి నొక్కమని ఎవరూ చెప్పలేదేంటి? కాలిపర్లో ఉన్న పాత మురికి ఆయిల్‌ని వెనక్కి నెడితే అది ఏబీఎస్ యూనిట్‌లోకి పోతుంది. హోస్‌కి పట్టు వేసి, బ్లీడర్‌కి పైపు తగిలించి సీసాలోకి వదిలేస్తే ఆ గొడవే ఉండదు. మురికి బయటికి, డబ్బా పొంగడం కూడా ఉండదు.

బ్రేక్ బెంచ్ · విజయవాడ ఆటోనగర్

ఆయిల్ నల్లబడి ఉంటే మీ పద్ధతే మేలు, కాదనను. కానీ ఇంట్లో మొదటిసారి చేసేవాళ్లకి నేను చెప్పను. పట్టు వేస్తే హోస్ లోపలి పొర చిట్లొచ్చు. బ్లీడర్ మూయడం ఒక్క క్షణం ఆలస్యమైతే గాలి దూరుతుంది, ఇక బ్లీడింగ్ (ఆ గాలి తీసే) పని నెత్తిన పడుతుంది. తుప్పు పట్టిన బ్లీడర్ తెగితే అసలుకే మోసం. నెమ్మదిగా నొక్కినప్పుడు ఆయిల్ మామూలుగా తెరిచే ఉండే వాల్వుల గుండా డబ్బాకి పోతుంది. ఆయిల్ నల్లగా ఉంటే ప్యాడ్ పనితో పాటే మొత్తం ఆయిల్ మార్చేయడం సరైన పని, అది వేరే థ్రెడ్.

కాలిపర్ కాకా · వరంగల్

డాట్ ఫోర్ అన్నతోనే నేను. అయితే హోస్‌కి పట్టు మాత్రం వద్దు. బ్లీడర్‌కు పైపు పెట్టి, పైపు కొస సీసాల ఆయిల్‌ల మునిగేటట్టు ఉంచి, క్లాంప్ తిప్పుకుంట బ్లీడర్ పావు చుట్టు వదులు చెయ్యి. క్లాంప్ ఆపే ముందే బ్లీడర్ మూసెయ్యి. నొక్కుడు నడుస్తున్నంత సేపు గాలి లోపలికి రాదు.

డల్లాస్ డ్రైవ్‌వే · డల్లాస్

స్కానర్ లేకుండా మోడ్ పెట్టే బండ్లు కూడా ఉన్నాయి. ఇక్కడ మనవాళ్ల దగ్గర ఎక్కువగా కనిపించే ఫోర్డ్ ఫ్యూజన్, ఎడ్జ్ లాంటివాటిలో: ఇగ్నిషన్ ఆన్, ఇంజిన్ ఆఫ్. యాక్సిలరేటర్ నేలదాకా తొక్కి పట్టండి, ఈపీబీ స్విచ్ రిలీజ్ వైపు నొక్కి పట్టండి. రెండూ వదలకుండా ఇగ్నిషన్ ఆఫ్ చేసి 5 సెకన్లలోపు మళ్లీ ఆన్. పసుపు హెచ్చరిక లైటు వెలిగితే మోడ్‌లో ఉన్నట్టు. బయటికి రావడానికి ఇదే వరస, స్విచ్ మాత్రం వేసే వైపు. మోడ్‌లో ఉన్నంతసేపు స్విచ్ ఎంత లాగినా హ్యాండ్‌బ్రేక్ పడదు, అదే కావలసింది. టెస్లా మోడల్ 3లో అయితే టచ్‌స్క్రీన్‌లో సర్వీస్ మోడ్‌లోనే వెనక ప్యాడ్ల ఎంపిక ఉంటుంది.

హోండా, టొయోటాల్లో కూడా కొన్ని మోడళ్లకి పెడల్, స్విచ్ కలిపి చేసే వరసలున్నాయి. ఏడాదిని బట్టి మారతాయి, వీడియో చూసి కొట్టేయకుండా మీ బండి సర్వీస్ మాన్యువల్ చూడండి.

హెక్టార్ హైవే · అనంతపురం

స్కానర్ ఏది కొనాలి అని అడిగేవాళ్లకి: ఫోన్‌కి తగిలించే రెండు మూడు వందల రూపాయల బ్లూటూత్ అడాప్టర్, దానితో వచ్చే మామూలు యాప్ ఇంజిన్ కోడ్లు చదువుతాయి, అంతే. ఈపీబీ మోడ్‌కి బండి కంపెనీ ప్రత్యేక ఆదేశాలు తెలిసిన స్కానర్ కావాలి. కొనేముందు సర్వీస్ ఫంక్షన్ల జాబితాలో ఈపీబీ ఉందా, మీ మోడల్, మీ ఏడాది ఉందా చూడండి. "ఈపీబీ సపోర్ట్" అని అట్ట మీద ఉంటే సరిపోదు.

వోక్స్‌వ్యాగన్, స్కోడాలకి వీసీడీఎస్ గానీ ఓబీడీ లెవెన్ గానీ (రెండూ ఆ బండ్లకి పనికొచ్చే స్కానర్లే) సరిపోతాయి. పసాట్ బీ6లో 53 నంబరు పార్కింగ్ బ్రేక్ మాడ్యూల్, బేసిక్ సెట్టింగ్స్‌లో 007 తెరవడానికి, 006 మూయడానికి, 010 పనితీరు పరీక్షకి. తర్వాతి తరం బండ్లలో 53 వెతికితే దొరకదు. ఈపీబీ కంట్రోల్ ఏబీఎస్ యూనిట్‌లోనే కలిసిపోయింది, 03 మాడ్యూల్లో బేసిక్ సెట్టింగ్స్‌లో ప్యాడ్ మార్పు మోడ్ మొదలుపెట్టడం, ముగించడం అని పేర్లతోనే ఉంటాయి. టిగువాన్ ఈ రెండో కోవ.

ఒక వైరు రెండు చుక్కలు · నల్గొండ

ఇంత గొడవెందుకు? మోటారు సాకెట్ పీకి 12 వోల్ట్ బ్యాటరీ నుంచి రెండు వైర్లు తగిలిస్తే నట్టు వెనక్కి పోతుంది. తారుమారు చేస్తే ముందుకి. రోడ్డు పక్క మెకానిక్‌లు అందరూ ఇదే చేస్తారు.

బ్రేక్ బెంచ్ · విజయవాడ ఆటోనగర్

పోతుంది, నిజమే. ఎక్కడ ఆపాలో మాత్రం ఆ వైర్లకి తెలియదు. బండి యూనిట్ మోటారు తాగే కరెంటు చూసుకుంటూ ఉంటుంది. బిగువు తగిలి కరెంటు పెరగగానే కోసేస్తుంది. బ్యాటరీ అలా కోయదు. నట్టు వెనక చివరికి చేరాక కూడా మోటారు తిప్పుతూనే ఉంటే, నట్టు కడ్డీ మొదట్లో ఇరుక్కుంటుంది. తర్వాత దాన్ని విడిపించడానికి మోటారు మామూలు బలం చాలదు. తారుమారు పొరపాటు ఇంకా ఘోరం: ప్యాడ్లు లేని కాలిపర్‌లో నట్టు ముందుకొస్తే పిస్టన్‌ని సీలు దాటించి బయటికి తోసేస్తుంది, ఆయిలంతా నేల మీద. యూనిట్‌కి నట్టు ఎక్కడుందో లెక్క తప్పుతుంది గనక తర్వాత ఎలాగూ స్కానర్‌తో క్యాలిబ్రేషన్ చేయాల్సిందే. మరి స్కానర్ తప్పించుకున్నదేముంది?

ఒక వైరు రెండు చుక్కలు · నల్గొండ

స్కానర్ దొరకని ఊళ్లో ఏం చేయమంటారు మరి?

బ్రేక్ బెంచ్ · విజయవాడ ఆటోనగర్

మోటారు విప్పి కడ్డీని చేత్తో తిప్పడం. బ్యాటరీ చచ్చి హ్యాండ్‌బ్రేక్ పట్టుకుపోయిన బండ్లకీ ఇదే దారి. బ్యాటరీ నెగటివ్ తీసేసి, సాకెట్ పీకి, మోటారుని కాలిపర్‌కి పట్టిన రెండు టార్క్స్ బోల్టులు విప్పండి. వోక్స్‌వ్యాగన్ కుటుంబంలో టీ30. మోటారు లాగితే కడ్డీ కొస కనిపిస్తుంది, చాలా వాటిలో టీ45 బిట్ కూర్చుంటుంది. ఆయిల్ కారదు, అక్కడ సీలు వేరే ఉంటుంది.

ఎటు తిప్పాలన్నది కాలిపర్ తయారీని బట్టి మారొచ్చు. అడగాల్సిన పని లేదు, చేతికి తెలుస్తుంది. ప్యాడ్లు, డిస్క్ ఇంకా బిగించి ఉండగానే తిప్పి చూడండి. వెనక్కి వెళ్లే దిక్కులో మొదటి విసురు గట్టిగా ఉండి వెంటనే తేలికవుతుంది. ముందుకి అయితే తిప్పేకొద్దీ బిగువెక్కుతుంది. తేలిక దిక్కులో చివరి దాకా నెమ్మదిగా తిప్పి, ఆగగానే ఆపండి. అక్కడ బలం వద్దు. ఆపైన క్లాంప్.

తిరిగి పెట్టేటప్పుడు మోటారు చుట్టూ ఉండే ఓ-రింగు కొత్తది వేయండి. పాతది నొక్కుకుని చదునైపోయి ఉంటుంది. దాని పక్క నుంచి నీళ్లు పోతే గేర్ల డబ్బా లోపల తుప్పు, కొన్నాళ్లకి మోటారు కిర్రు, ఆ తర్వాత నిశ్శబ్దం. చక్రం పక్కనే పిచికారీ అయ్యే నీళ్ల మధ్య బతికే వస్తువు అది. బోల్టులు చిన్నవి, అల్యూమినియంలో దిగుతాయి, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి మించొద్దు.

మీరు బ్యాటరీ వైర్లే వాడతానంటే కనీసం ఫ్యూజు ఉన్న వైరు వాడండి, తగిలించి ఉంచకుండా అర సెకను తాకించి తీయండి, ప్రతి తాకిడికీ చప్పుడు వినండి. మోటారు గొంతు మారి మూలిగిందంటే చివరికొచ్చినట్టు.

డాట్ ఫోర్ · కరీంనగర్

మోటారు విప్పే ముందు చక్రాలకి చెక్కలు పెట్టమని మళ్లీ చెప్పాలి. హ్యాండ్‌బ్రేక్ పట్టుకున్న బండి కింద కూర్చుని కడ్డీ తిప్పితే, ఆ బండిని ఆపుతున్నదాన్నే మీరు తీసేస్తున్నట్టు.

వైజాగ్ ఈవీ · గాజువాక

ఎలక్ట్రిక్ బండ్ల వాళ్లకి కొంచెం. వీటిలో వేగం తగ్గించే పని చాలావరకు బండిని నడిపే మోటారే చేస్తుంది, వెనక ప్యాడ్లకి పని తక్కువ. అందుకని అరిగిపోవడం కన్నా పట్టేసుకోవడమే ఎక్కువ. సముద్రపు గాలికి గైడ్ పిన్నులు ఎండి, ప్యాడ్ చెవులు క్యారియర్ గాడిలో తుప్పుతో బిగిసి, లోపలి ప్యాడ్ పూర్తిగా అరిగి బయటిది కొత్తదాన్లా ఉంటుంది. కాలిపర్ విప్పినప్పుడు పిన్నుల్ని చేత్తో లాగి చూడండి. రెండు వేళ్లతో జారాలి. జారకపోతే పిస్టన్ ఎంత బాగా నెట్టినా ఈ ప్యాడ్లూ అంతే.

గ్రీజు విషయంలో పొరపాటు చేయొద్దు. బ్రేక్ సీళ్లూ పిన్ను బూట్లూ ఎక్కువ శాతం ఈపీడీఎం రబ్బరు. బేరింగ్ గ్రీజు, ఇంజిన్ ఆయిల్, పెట్రోలు తగిలితే అది ఉబ్బుతుంది, ఉబ్బితే పిన్ను పట్టేస్తుంది. సిలికాన్ రకం బ్రేక్ గ్రీజు, అది కూడా పల్చగా. పిన్ను గుంతలో గ్రీజు కూరితే గాలి బయటికి పోయే దారి లేక పిన్ను స్ప్రింగులా వెనక్కి తన్నుతుంది. కాలిపర్ శుభ్రం చేయడానికి బ్రేక్ క్లీనర్, బూటు మీద మటుకు సబ్బు నీళ్లే.

హెక్టార్ హైవే · అనంతపురం

పని పూర్తయ్యాక లైటు పోకపోతే ఏం చూడాలి? ఈ ప్రశ్న ప్రతి వారం వస్తోంది.

బ్రేక్ బెంచ్ · విజయవాడ ఆటోనగర్

ముందు కోడు చదవండి, చెరిపేయడం తర్వాత. ఎడమా కుడా అన్నది కోడులోనే ఉంటుంది.

రెండు వైపులా వస్తే మోడ్ మూయలేదు, లేదా మూసేటప్పుడు వోల్టేజీ చాలలేదు, లేదా పెడల్ తొక్కకుండా మూశారు. పెడల్ గట్టిపడేదాకా తొక్కి, చార్జర్ పెట్టి, మళ్లీ తెరిచి మూస్తే సాధారణంగా పోతుంది. ఒకవైపే వస్తే సాకెట్ చూడండి. క్లిప్పు పడని సాకెట్, వంగిన పిన్ను, పచ్చగా తుప్పు పట్టిన టెర్మినల్. అవి బాగుంటే వైరు. చక్రం ఎగిరి పడినప్పుడల్లా వంగేది ఆ వైరే, పసాట్ బీ6ల్లో లోపల రాగి తెగి పై తొడుగు బాగానే ఉండటం అందరికీ తెలిసిన జబ్బు. మీటర్ పెట్టి వైరుని వంచుతూ చూస్తేనే దొరుకుతుంది, నిశ్చలంగా ఉంటే బాగున్నట్టే చూపిస్తుంది. మోటారు మంచిదో కాదో తెలియాలంటే ఎడమ మోటారు కుడికి పెట్టి పరీక్షించడం వద్దు. మోటారు విప్పి బయట పెట్టి, భారం లేకుండా 12 వోల్టులు ఒక్క క్షణం తాకించండి. కిర్రు లేకుండా తిరిగితే మంచిదే.

సండే స్పానర్ · ఉప్పల్

కుడివైపు పూర్తిగా దిగింది, పెద్ద బలం పట్టలేదు. ఎడమవైపు రెండు మిల్లీమీటర్లు కదిలి ఆగింది. ఆపేశాను. స్కానర్ రెండు వైపులా తెరుచుకున్నట్టే చూపిస్తోంది. ఇప్పుడు నట్టు సంగతా, పిస్టన్ తుప్పా ఎలా తేల్చాలి?

బ్రేక్ బెంచ్ · విజయవాడ ఆటోనగర్

క్లాంప్ అదే బిగువులో ఉంచి, బ్లీడర్‌కి పైపు పెట్టి పావు చుట్టు వదులు చేయండి. ఆయిల్ చిమ్మి పిస్టన్ దిగితే కాలిపర్ బాగున్నట్టు. రబ్బరు హోస్ లోపలి పొర ఊడి ఆయిల్‌కి అడ్డం పడుతోంది, హోస్ మార్చాలి. అలాంటి హోస్ ఉన్న చక్రం బ్రేక్ తీశాక కూడా రాసుకుంటూ వేడెక్కుతుంది.

బ్లీడర్ వదిలినా దిగకపోతే వెంటనే బ్లీడర్ మూసి క్లాంప్ తీసేయండి. మోటారు విప్పి టీ45తో కడ్డీ తిప్పి చూడండి. వెనక దిక్కులో ఇంకా తిరుగుతోందంటే నట్టు సగంలో ఆగింది, చివరిదాకా తిప్పి మళ్లీ నొక్కండి. అలాగైతే ఆ మోటారు మీద ఒక కన్నేసి ఉంచాలి. కడ్డీ అప్పటికే వెనక చివర ఉంటే ఇక మిగిలింది పిస్టన్ తుప్పే. బూటు అంచు ఎత్తి చూస్తే గోధుమ రంగు నీరో పొడో కనిపిస్తుంది. ఇసుక కాగితంతో రుద్ది సర్దుకోవచ్చని ఎవరైనా అంటే వినొద్దు, పై పూత పోయిన పిస్టన్ మీద సీలు నిలవదు. సీలు కిట్టు, కొత్త పిస్టన్ దొరికితే వేయించండి, దొరక్కపోతే కాలిపర్ మార్చండి. కాలిపర్ మారిస్తే మోటారు పాతదే వాడుకోవచ్చు, ఓ-రింగు మాత్రం కొత్తది. మార్చాక ఆ చక్రానికి బ్లీడింగ్, తర్వాత పెడల్, ఆ తర్వాతే మోడ్ మూయడం.